పోస్టు మీద ఫిర్యాదు చేయాలంటే: ముందు లింకు, తర్వాతే రిపోర్టు

2024 సద్దుల బతుకమ్మ అయిపోయిన మూడో రోజు పొద్దున్నే, నేను షట్టరు సగం ఎత్తానో లేదో ఒక తల్లీ కూతురూ వచ్చి నిలబడ్డారు. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. బతుకమ్మ పక్కన పట్టుచీరలో దిగిన ఫోటో స్టేటస్‌లో పెట్టుకుంది. ఎవడో ఆ ముఖం తీసి వేరే ఒంటికి అతికించి, ఆ పిల్ల పేరుతోనే ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంటు తెరిచి, క్లాసులో వాళ్లందరికీ ఫాలో రిక్వెస్టు పంపాడు.

"ఆధారం ఏముందమ్మా?" అని అడిగాను. ఏమీ లేదు. ముందురోజు రాత్రి బాబాయి కొడుకు చెప్పాడని నలభై మంది స్నేహితులు కలిసి ఆ అకౌంటుకు రిపోర్టు కొట్టారు. తెల్లారేసరికి అకౌంటు కనబడలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ అది యాప్ వాళ్లు తీశారో, చేసినవాడే భయపడి పేరు మార్చుకుని దాక్కున్నాడో ఎవరికీ తెలీదు. లింకు లేదు, స్క్రీన్‌షాట్ లేదు, యూజర్‌నేమ్ చివర ఉన్నది ఒక అండర్‌స్కోరో రెండో కూడా ఎవరికీ గుర్తు లేదు. స్టేషనుకు వెళ్తే చేతిలో పెట్టడానికి ఏమీ లేకుండా పోయింది. తొమ్మిది రోజులకు అవే ఫోటోలతో, ఇంకో పేరుతో మళ్లీ వచ్చాడు.

ఆ రెండోసారి ఏం చేశామో, ఏ వరసలో చేశామో అదే ఇక్కడ రాస్తున్నాను. ఖమ్మం బస్టాండుకు దగ్గర్లో నాకు జిరాక్స్, నెట్ సెంటరు ఉంది. 2008 నుంచి నడుపుతున్నాను. ఒకప్పుడు హాల్ టికెట్లు, ఎంసెట్ ఫలితాల కోసం వచ్చేవాళ్లు. ఇప్పుడు వారానికి ఇద్దరో ముగ్గురో ఫోను చేత్తో మూసుకుని వచ్చి, పక్కన ఎవరూ లేరని చూసుకుని "అక్కా, ఇది తీసేయించాలి" అంటున్నారు. నేను లాయర్ని కాను. కానీ ఇలాంటి ఫిర్యాదులు రాసీ రాసీ, ఏ కాగితం ముందుకు కదులుతుందో, ఏది మూలన పడుతుందో కొంత తెలిసింది.

ముందు ఆధారం

పోస్టు కనబడగానే ఒళ్లు మండి చెయ్యి రిపోర్టు బటన్ మీదికి పోతుంది. ఆపుకోండి. పది నిమిషాలు చాలు. పోస్టు పోయాక ఆ పది నిమిషాలు మళ్లీ రావు.

అన్నిటికంటే ముందు కావాల్సింది లింకు. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే అది బొమ్మ మాత్రమే. అది ఏ పోస్టో కంపెనీకి తెలియాలన్నా, పోలీసులు కంపెనీకి నోటీసు పంపాలన్నా లింకే ఆధారం. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు మీది మూడు చుక్కలు గానీ షేర్ గుర్తు గానీ నొక్కితే లింకు కాపీ చేసుకునే వీలుంటుంది. ఫేస్‌బుక్‌లో పెట్టినవాళ్ల పేరు కింద ఉండే తేదీ లేదా టైము మీద నొక్కితే ఆ ఒక్క పోస్టే తెరుచుకుంటుంది, దాని అడ్రసు తీసుకోండి. యూట్యూబ్ కామెంట్ అయితే పేరు పక్కన "2 రోజుల క్రితం" అని ఉన్న చోట నొక్కండి, ఆ కామెంటుకే ప్రత్యేకంగా లింకు వస్తుంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పోస్టు లింకు చివర పెద్ద అంకె ఉంటుంది. వాడు పేరు మార్చినా ఆ అంకె మారదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అలా కాదు, అకౌంటు పేరు మారితే ప్రొఫైల్ లింకు కూడా మారిపోతుంది. అందుకే యూజర్‌నేమ్ అక్షరం అక్షరం రాసుకోవాలి. చిన్న ఎల్, ఒకటి అంకె ఒకేలా కనబడతాయి. సున్నా, ఓ అక్షరం కూడా అంతే. ఫోనులో చూసి చేత్తో ఎక్కించొద్దు, కాపీ చేసి పేస్టు చేయండి.

ఇక స్క్రీన్‌షాట్. వీలైతే కంప్యూటర్లో తీయండి. పైన అడ్రసు బారు మొత్తం కనబడాలి, కింద మూల తేదీ, టైము కనబడాలి. మా షాపులో నేను మూడు తీస్తాను: ప్రొఫైల్ మొత్తం కనబడేలా ఒకటి, పోస్టు కనబడేలా ఒకటి, కింద కామెంట్లు, లైకులు కనబడేలా ఒకటి. ఆ తర్వాత అదే పేజీని పీడీఎఫ్‌గా దాస్తాను. స్టోరీ, స్టేటస్ లాంటివి 24 గంటల్లో పోతాయి కాబట్టి వాటికి ఫోనులోనే స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ప్రొఫైల్ దగ్గర మొదలుపెట్టి స్టోరీ దాకా వెళ్లండి. ఎవడి అకౌంటులో ఏముందో ఒకే వీడియోలో ఉంటుంది.

వాట్సాప్ సంగతి కొంచెం వేరు. చాలామంది తెచ్చే స్క్రీన్‌షాట్‌లో పైన "రమేష్ ఆఫీస్" అనో "ఓనర్ తమ్ముడు" అనో ఉంటుంది. అది మీ ఫోనులో మీరు పెట్టుకున్న పేరు. పోలీసులకు దానితో పని లేదు. ఆ పేరు మీద నొక్కి, నంబరు కనబడే పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. అప్పుడు రిపోర్టు కొట్టండి. రిపోర్టు కొడితే అవతలివాళ్లు పంపిన చివరి ఐదు మెసేజీలు మాత్రమే వాట్సాప్‌కు వెళ్తాయి. పైగా రిపోర్టు కొట్టేటప్పుడే బ్లాక్ చేసి చాట్ తీసేసే వీలు కూడా చూపిస్తుంది. టెన్షన్‌లో అన్నిటికీ ఓకే కొట్టి, ఉన్న ఒక్క ఆధారాన్నీ తుడిచేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

స్క్రీన్‌షాట్‌లు ఎవరి ఫోనులో తీశారో, ఏ సిస్టంలో తీశారో ఒక కాగితం మీద రాసుకోండి. కేసు కోర్టుదాకా వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ ఫోను లేదా కంప్యూటర్ గురించి ధ్రువపత్రం ఇవ్వాలి. పది చేతులు మారిన ఫోటో కంటే బాధితురాలి ఫోనులోనే తీసినది నిలబడుతుంది. ఆ ఫోను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

ఇంకో మాట. ఆధారం కోసం అని ఆ పోస్టును బంధువుల గ్రూపులో పెట్టకండి. "చూడండి వీడెంత పని చేశాడో" అని పెట్టినా అది వ్యాపించడమే. పిల్లల అశ్లీల చిత్రాలైతే స్క్రీన్‌షాట్ కూడా తీయకూడదు. ఐటీ చట్టం 67బి కింద అలాంటివి డౌన్‌లోడ్ చేయడం, పోగేయడం కూడా నేరమే. దగ్గర ఉంచుకోవడం ఎంత తీవ్రమైన విషయమో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. లింకు మాత్రం రాసుకుని నేరుగా కేంద్రం వారి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వండి. ఆపదలో ఉన్న పిల్ల ఎవరో తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

యాప్ రూలు వేరు, మన చట్టం వేరు

చాలామంది దగ్గర ఇక్కడే పని ఆగిపోతుంది. రిపోర్టు కొడతారు, "మా నిబంధనలకు విరుద్ధంగా లేదు" అని జవాబు వస్తుంది, ఇక ఏమీ చేయలేం అనుకుని ఊరుకుంటారు. యాప్‌లో మీరు నొక్కే రిపోర్టు, ఆ కంపెనీ పెట్టుకున్న రూళ్ల ప్రకారం చూస్తారు. ఆ రూళ్లు ప్రపంచమంతటికీ ఒకటే. మన దేశంలో, మన రాష్ట్రంలో ఏది నేరమో ఆ బటన్‌కు అవసరం లేదు.

బెట్టింగ్ యాప్‌ల ప్రచారమే తీసుకోండి. కొన్ని దేశాల్లో అది మామూలు వ్యాపారం. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధించింది. 2025 మార్చిలో హైదరాబాదులో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన యూట్యూబర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులు పెట్టినప్పుడు గానీ జనానికి ఇది నేరమని తెలియలేదు. అలాగే "రామచిలుకలు అమ్మబడును, జత ఇంత" అని ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టులు కనబడుతుంటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన అడవి చిలుకల్ని పట్టడం, అమ్మడం నేరం. అటవీ శాఖకు ఆ లింకు ఇవ్వొచ్చు.

మనసు కలచివేసే ఉదాహరణ ఇంకొకటి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఆ డాక్టరమ్మాయి పేరు, ఫోటో రాష్ట్రమంతా తిరిగాయి. పెట్టినవాళ్లలో చాలామంది కొవ్వొత్తి బొమ్మ పెట్టి, కన్నీళ్లతో పెట్టినవాళ్లే. ఆమె అసలు పేరు వాడొద్దని, దిశ అని పిలవమని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా పేరు, వివరాలు బయటపెట్టడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, అంతకుముందు ఐపీసీలోనూ నేరమే. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బడి పేరు, ఊరు, ఇంటివాళ్ల వివరాలు కూడా చెప్పకూడదు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఇలాంటి పోస్టు యాప్ రూళ్లలో పట్టుబడకపోవచ్చు, మన చట్టంలో మాత్రం పట్టుబడుతుంది. ఇలాంటిది మీకు తెలిసినవాళ్లే పెట్టి ఉంటే ముందు ఫోన్ చేసి చెప్పండి. నేను చెప్పినవాళ్లలో ఎక్కువమంది వెంటనే తీసేశారు.

ఇలాంటివాటికి పెద్ద కంపెనీలన్నిటి దగ్గరా రెండో తలుపు ఉంటుంది. పోస్టు పక్కన ఉండే రిపోర్టు బటన్ కాకుండా, చట్టపరమైన ఫిర్యాదుల కోసం వేరే ఫారం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు హెల్ప్ సెంటర్‌లో, యూట్యూబ్‌కు గూగుల్ లీగల్ పేజీల్లో దొరుకుతుంది. ఏ దేశం, ఏ చట్టం, ఏ లింకు, ఏ మాట అని అడుగుతుంది. యూట్యూబ్ వీడియో అయితే ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఏమన్నారో రాయాలి. నలభై నిమిషాల వీడియో లింకు ఇచ్చి "మొత్తం తప్పుడు మాటలే" అని రాస్తే ఎవరూ చూడరు.

ఈ రెండో తలుపులోంచి వెళ్తే ఒక సంగతి ముందే తెలుసుకోండి. కంపెనీ తన రూళ్ల ప్రకారం తీస్తే పోస్టు అన్ని చోట్లా పోతుంది. మన చట్టం ప్రకారం ఆపితే చాలాసార్లు ఇండియాలో మాత్రమే కనబడకుండా చేస్తారు. ఒకాయన "తీసేశారన్నారు కదా, డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలికి ఇంకా కనబడుతోందేంటి?" అని మళ్లీ వచ్చాడు. కారణం ఇదే. బంధువులు విదేశాల్లో ఉన్నవాళ్లు రెండు దారుల్లోనూ ఫిర్యాదు చేయండి, తర్వాత అక్కడివాళ్లను చూసి చెప్పమనండి.

ఫిర్యాదు కాగితం

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నియమాల ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు మించి వాడకందారులున్న సోషల్ మీడియా కంపెనీలన్నీ ఇండియాలో ఉండే ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి. ఆ అధికారి వివరాలు యాప్‌లో, వెబ్‌సైట్లో ఉంటాయి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో జవాబు ఇవ్వాలి. నగ్నంగా చూపించేవి, లైంగిక దృశ్యాలు, మార్ఫింగ్ ఫోటోలు, ఇంకొకరిలా నటించే అకౌంట్లు అయితే మా కేసు నడిచినప్పుడు 24 గంటల్లో తీసేయాలన్న నియమం ఉండేది. గడువుల్ని ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది కాబట్టి రాసే రోజున తాజా నియమం చూసుకుని ఆ గడువునే కాగితంలో రాయండి. బాధితుల తరఫున ఇంకొకరు కూడా ఇలాంటి ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆ నియమంలోనే ఉంది. అమ్మాయి చెయ్యి వణుకుతుంటే అన్న రాయొచ్చు, అమ్మ రాయొచ్చు.

ఆ రెండోసారి మేం పంపింది ఇంతే:

"నా పేరు ఫలానా, వయసు 19. నా ఫోటోను మార్ఫింగ్ చేసి, నా పేరుతో ఒక అకౌంటు నడుపుతున్నారు. అకౌంటు లింకు ఇది. పోస్టుల లింకులు ఈ మూడు. నేను మొదట చూసింది ఫలానా తేదీ, రాత్రి 9:40కి. ఈ అకౌంటు నాది కాదు, ఈ ఫోటోలకు నేను ఒప్పుకోలేదు. అసలు ఫోటో, నా గుర్తింపు కార్డు జత చేశాను. ఐటీ నియమాలు 2021లోని 3(2)(బి) ప్రకారం 24 గంటల్లో తొలగించమని కోరుతున్నాను. పోలీసు విచారణ కోసం ఈ అకౌంటు వివరాలను చెరిపేయకుండా భద్రపరచమని కూడా కోరుతున్నాను."

ఏడుపు లేదు, తిట్టు లేదు, "సమాజం ఎటు పోతోంది" లేదు. రాసేటప్పుడు వాళ్లమ్మ "మా పిల్ల రెండు రోజుల నుంచి అన్నం తినట్లేదని కూడా రాయి వదినా" అంది. ఆమె బాధ నాకు తెలుసు. పోలీసు ఫిర్యాదులో రాశాను, కంపెనీకి పంపేదాంట్లో రాయలేదు. అక్కడ చూసేవాళ్లకు లింకు, తేదీ, నియమం కావాలి. చివరి వాక్యం మాత్రం ఎప్పుడూ వదలకండి. తీసేయడం ఒకటే అడిగితే పోస్టుతో పాటు చేసినవాడి జాడ కూడా పోవచ్చు.

పోస్టు తెలుగులో ఉంటే ఇంకో పని ఉంది. అవతల చదివేవాళ్లకు మన మాట తెలియకపోవచ్చు, తెలిసినా అందులోని విషం తెలియకపోవచ్చు. ఒకసారి ఒకాయన ఒక కామెంటు ప్రింటు తీయించుకోవడానికి వచ్చాడు. చూడటానికి చిన్న మాట. ఏ నిఘంటువులో చూసినా తిట్టుగా కనబడదు. కానీ మా వైపు ఆ మాటను ఒక కులం వాళ్లను కించపరచడానికే వాడతారు. ఆయన రిపోర్టు కొడితే తప్పేమీ లేదని జవాబు వచ్చింది. మళ్లీ రాశాం. కామెంటును ఉన్నదున్నట్టు తెలుగులో రాసి, కింద మాటకు మాట అర్థం రాసి, ఈ జిల్లాలో ఈ మాట ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో అంటారో మూడు వాక్యాల్లో చెప్పాం. ఈసారి తీశారు. ఇలాంటివి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కిందికి కూడా రావచ్చు. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి చూడాలి. ఆయన అంతవరకు వెళ్లాడు. వెళ్లడం మంచిదే అనుకుంటాను.

కంపెనీ ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోతే అక్కడితో అయిపోలేదు. 2023లో కేంద్రం ఫిర్యాదుల అప్పీలు కమిటీలు పెట్టింది. జవాబు వచ్చిన 30 రోజుల్లోగా గవర్నమెంటు పోర్టల్‌లో అప్పీలు చేసుకోవచ్చు, అంతా ఆన్‌లైన్లోనే. ఇది తెలిసినవాళ్లు మా షాపుకు వచ్చినవాళ్లలో ఒక్కరూ లేరు. కంపెనీ పంపిన మెయిల్ తీసేయకండి, అప్పీలుకు అదే ఆధారం.

నగ్న ఫోటోలు బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తుంటే, ఇంకా పెట్టకముందే ఒక పని చేయొచ్చు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైటు ఉంది. అందులో ఆ ఫోటోను మీ ఫోనులోనే చదివి, దానికి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తయారుచేస్తుంది. ఫోటో మీ ఫోను దాటి బయటికి పోదు. ఆ సంఖ్య మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలకు వెళ్తుంది. అదే ఫోటోను ఎవరైనా అక్కడ ఎక్కిస్తే పట్టుకుంటారు. ఇది 18 దాటినవాళ్లకు. అంతకంటే చిన్నవాళ్లకు టేక్ ఇట్ డౌన్ అని అలాంటిదే ఇంకోటి ఉంది. బెదిరించేవాడికి డబ్బు మాత్రం ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పోలీసుల దగ్గరికి

పోస్టు తీయించడం కంపెనీ పని, చేసినవాడిని పట్టుకోవడం పోలీసుల పని. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయకండి.

ఇంట్లోంచి చేయాలంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. స్త్రీలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ పేరు చెప్పకపోతే తర్వాత ఏమైందో చూసుకోలేరు. అందుకే మీ సొంత విషయమైతే పేరుతోనే ఇవ్వమంటాను. వేరేవాళ్లది కంటపడితే పేరు లేకుండా ఇవ్వొచ్చు. వివరం రాసే చోట మొత్తం ముందే వేరే చోట టైపు చేసి పెట్టుకుని అతికించండి, మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటికొస్తుంది. చివర వచ్చే రసీదు నంబరు ఫోటో తీసుకోండి.

పోర్టల్‌లో ఇచ్చింది దానంతట అదే ఎఫ్‌ఐఆర్ కాదు. స్టేషనుకు కూడా వెళ్లండి. ఈ అమ్మాయి విషయంలో మొదట వెళ్లిన చోట "ఇది మా పరిధి కాదమ్మా" అని తిప్పి పంపారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధి ఏదైనా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. మెయిల్లో, ఆన్‌లైన్లో కూడా ఇవ్వొచ్చు, కానీ మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు. మేం పోట్లాడలేదు. ఆ సెక్షన్ నంబరు కాగితం పైనే రాసి, రెండోసారి వాళ్ల నాన్ననూ మేనమామనూ వెంటబెట్టుకుని వెళ్లమన్నాను. తీసుకున్నారు.

ఆడపిల్లలు స్టేషను గడప ఎక్కడానికి జంకితే తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి, 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలయ్యాయి. మహిళా పోలీసులు మాట్లాడతారు. ఆంధ్రలో శక్తి యాప్ ఉంది. మీద పడే ప్రమాదం ఉంటే ఎక్కడైనా 112.

ఏ సెక్షన్ రాయాలో తెలియక ఆగిపోకండి, అది పోలీసులు చూసుకుంటారు. తెలిసి ఉంటే మంచిదని నేను మాత్రం ఒక అట్టముక్క మీద రాసి గోడకు అంటించుకున్నాను. ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి. ఒప్పుకోకుండా రహస్య భాగాల ఫోటో పెడితే 66ఇ. అశ్లీలం 67, 67ఎ. వెంటపడి వేధిస్తే న్యాయ సంహిత 78, బెదిరిస్తే 351. మతాల మధ్య, కులాల మధ్య పగ పెంచితే 196. జనాన్ని రెచ్చగొట్టే పుకార్లకు 353.

పుకార్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని మన గ్రూపుల్లో ఎన్ని ఫోటోలు, ఎన్ని ఆడియోలు తిరిగాయో నాకు బాగా గుర్తుంది. మా షాపు ముందు బిచ్చమడిగే ముసలాయన నాలుగు రోజులు బయటికి రాలేదు. ఆ నెలలో తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా కళాకారులతో పాటలు పాడించి, డప్పు కొట్టించి, కానిస్టేబుళ్లను వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించి జనానికి నిజం చెప్పించారు. అలాంటి మెసేజి మీ గ్రూపులోకి వస్తే, పంపినవాళ్ల నంబరు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి స్టేషనుకు పంపండి. "నిజమేనా?" అని అడగడానికి కూడా ఇంకో గ్రూపులోకి పంపకండి.

నేను రాయని ఫిర్యాదులు

మా నాయకుడి మీద జోకు వేశాడు, ఫోటోకు వంకర మాట రాశాడు, ఈ రోడ్డు ఎందుకు వేయలేదని ఎమ్మెల్యేను నిలదీశాడు, ఫిర్యాదు రాసిపెట్టమని వచ్చేవాళ్లున్నారు. నేను రాయను. కోపం తెప్పించే పోస్టు పెట్టినందుకే జైల్లో వేసే 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఇప్పటికీ ఆ సెక్షన్ రాయమని అడిగేవాళ్లు ఉన్నారు. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా చెప్పింది: సోషల్ మీడియా పోస్టుల మీద ఫిర్యాదు రాగానే యాంత్రికంగా కేసు పెట్టకూడదు, ఫిర్యాదు చేసినవారు నిజంగా నష్టపోయినవారేనా చూడాలి, పరువు నష్టమైతే మేజిస్ట్రేటు ద్వారానే రావాలి అని. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే న్యాయ సంహిత 217 కింద మనమే ఇరుక్కుంటాం.

నేను అడిగేది ఒకటే: ఈ పోస్టు వల్ల ఫలానా మనిషికి ఫలానా హాని జరుగుతోందని చెప్పగలరా? చెప్పగలిగితే కూర్చుని రాద్దాం. "నాకు ఒళ్లు మండింది" అంటే ఇంటికెళ్లి నీళ్లు తాగి పడుకోమంటాను. నిజంగా ఏడుస్తూ వచ్చే పిల్లల కాగితాలు ఇలాంటి కాగితాల కట్టల కిందే పడిపోతున్నాయి. అందుకే నాకు దీని మీద అంత పట్టుదల.

తీసేశాక

ఆ రెండో అకౌంటు మర్నాడు మధ్యాహ్నానికి పోయింది. ఈసారి లింకులు, పీడీఎఫ్‌లు, కంపెనీ జవాబు, రసీదు నంబరు అన్నీ ఒక కవరులో ఉన్నాయి. పోలీసులు కంపెనీకి నోటీసు పంపారు. ఎవరు చేశారో బయటపడింది. ఇంటికి తెలిసిన కుర్రాడే. కేసు నడుస్తోంది కాబట్టి అంతకంటే రాయను.

తీసేశారని జవాబు వచ్చాక కూడా పని ఉంటుంది. నేను ఆ అమ్మాయికి ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చాను. మొదటి పేజీలో ఫిర్యాదుల నంబర్లు, తేదీలు. తర్వాతి పేజీల్లో వారం వారం చూసుకున్న తేదీలు. ప్రతి ఆదివారం తన పేరుతో, రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో వెతుకుతుంది. తన అసలు ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తుంది. ఏమీ లేకపోతే తేదీ వేసి "లేదు" అని రాస్తుంది. ఏదైనా కనబడితే ముందు లింకు, తర్వాత స్క్రీన్‌షాట్, పాత ఫిర్యాదు నంబరు జతచేసి అదే అధికారికి మెయిలు. పాత నంబరు ఉంటే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు. మొన్న జిరాక్సు కోసం వచ్చినప్పుడు నోటుబుక్కు చూపించింది. పదకొండు పేజీలు "లేదు" అని ఉంది.